పచ్చ సంచిలో బీ ఫారం

పెళ్ళయిన కొత్తలో ఆడపిల్లకు భయం ఎక్కువ, లోకజ్ఞానం తక్కువ. ఆ రెండింటినీ కలిపి చూసి పెద్దవాళ్ళు "అబ్బ, ఎంత ఒద్దికైన పిల్ల" అని మెచ్చుకునేవారు. ఇప్పుడు మా అమ్మాయి ఏ పని చెప్పినా "ఎందుకు?" అని అడిగి గానీ కుర్చీలోంచి కదలదు. ఆ రోజుల్లో మాకు ఆ మాట నోటికి వచ్చేదే కాదు. చెప్పింది చెప్పినట్టు చేసేసి, తర్వాత ఏమవుతుందో చూసి మేమే నోరు తెరిచేవాళ్ళం. అలా చెప్పింది చెప్పినట్టు చేసి, నర్సీపట్నంలో ఒక వార్డు ఎలక్షన్‌ని ఏట్లో కలిపిన మనిషిగా మా వీధిలో నాకు చాలాకాలం పేరుండేది. ఆ పేరు నాకు చెందుతుందో లేదో చదివాక మీరే చెప్పండి.

మాది మాకవరపాలెం పక్కన పల్లె. ఏడో తరగతి దాకా చదివాను, ఆ తర్వాత జీడితోట చదివించింది. పెళ్ళవగానే నర్సీపట్నం వచ్చి సాయిబు మాస్టారి ఇంటి వెనక వాటాలో దిగాం. మా ఇంటాయన ఆటో నడిపేవాడు. మాస్టారి భార్యను నేను అమ్మగారు అనేదాన్ని. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు, అందుకని పుస్తకాల గది ఊడ్చి సర్దడం, వచ్చినవాళ్ళకు టీ పెట్టడం నా పని. పని బాగానే ఉంది గానీ, మాస్టారి పనేమిటో మాత్రం నాకు బోధపడేది కాదు. కాలేజీలో చరిత్ర చెప్తారన్నారు. సరే. పొద్దున్నే అరుగు మీద పింఛను కోసం ఒకరు, కాలవలో మురుగు పోవట్లేదని ఒకరు, మసీదు స్థలం గొడవని నలుగురు. అందరికీ ఆయనే అర్జీలు రాసిపెట్టాలి. మధ్యాహ్నం పార్టీ వాళ్ళ కార్లు. సాయంత్రం విశాఖ నుంచి కళ్ళజోళ్ళ వాళ్ళు చెదలు తిన్న కాగితాలు పట్టుకొచ్చి, వాటిని పసిపిల్లలా బల్ల మీద పడుకోబెట్టేవారు. అవి జమీందార్ల కాలంలో ఈ కొండల కింద ఎవరికి ఏ భూమి ఇచ్చారో చెప్పే కాగితాలట, ఫార్సీ అట. ఆ భాష చదవగలిగినవారు ఈ చుట్టుపక్కల మాస్టారు ఒక్కరేనట.

మా అమ్మ చూడ్డానికి వచ్చినప్పుడు అడిగింది. "మీ సాయిబుగారు ఏటి పని సేస్తారే?"

"పాఠాలు సెప్తారమ్మా."

"మరి అరుగు మీద ఆ జనమేటి?"

"అర్జీలు రాయించుకోడానికి."

"ఆ కార్లేటి మరి?"

"పార్టీ వోళ్ళు."

"ఆ సెదలు కాయితాలేటి?"

"అయి సదువుకోడానికి."

మా అమ్మ చివరికి, "పోన్లే గుంటా, మనిషి మంచోడేనా?" అంది. మంచోడే అన్నాను. అదొక్కటే నాకు ఖాయంగా తెలిసిన సంగతి.

పనిలో చేరిన మొదటి రోజే అమ్మగారు నన్ను పుస్తకాల గదిలోకి తీసుకెళ్ళి, తలుపు వెనక మేకుకు వేలాడుతున్న పచ్చ గుడ్డసంచి చూపించారు. "చూడు బేటీ. మా ఉర్దూ అక్షరాలున్న కాగితం నేల మీద కనబడితే తొక్కకు, చెత్తలో వెయ్యకు. అందులో అల్లా పేరు ఉండొచ్చు. తీసి ఈ సంచిలో వెయ్యి. నిండాక శుక్రవారం నాడు పారే నీళ్ళలో కలిపేస్తాం" అన్నారు. నాకు ఇది వెంటనే అర్థమైంది (ఆ ఇంట్లో నాకు వెంటనే అర్థమైంది ఇదొక్కటే). దేవుడి బొమ్మ ఉన్న శుభలేఖ చెత్తలో వెయ్యలేక బియ్యం డబ్బా వెనక దాచేవాళ్ళ ఇంట్లోంచే కదా నేనూ వచ్చింది. ఆ రోజు నుంచి ఉర్దూ అక్షరం కనబడితే చాలు, కళ్ళకద్దుకుని సంచిలో వేసేదాన్ని.

చిక్కేమిటంటే, మాస్టారికి చేతి రాతంతా ఉర్దూయే. అందులోనే చెయ్యి బాగా పరిగెడుతుందని పాఠం, ఉపన్యాసం, చాకలి పద్దు, గ్యాసు నంబరు అన్నీ అందులోనే గీకి పడేసేవారు. చేరి పది రోజులైందో లేదో, ఒక ఉదయం చేతిసంచి పట్టుకుని గదంతా వెతుకుతున్నారు. "అమ్మా, నిన్న ఇక్కడ ఒక చీటీ పెట్టాను, చూశావా?"

"సంచిలో ఏసేసినానండి."

"అది బజారు చీటీ అమ్మా. కొత్తిమీర, ఉల్లిపాయలు."

నాకు ఏడుపొచ్చింది. "నాకేటి తెలుస్తాదండి, అక్షరాలు సూసి ఏసేసినాను."

ఆయన సంచిలోంచి చీటీ తీసి చూసి ఆగిపోయారు. ఏ కాగితం రాసినా ముందు పైన అల్లా పేరు రాయడం ఆయన అలవాటు. "నువ్వే కరెక్టు. పైన అల్లా పేరు ఉంది, కింద కొత్తిమీర ఉంది. దీన్ని ఏం చెయ్యాలో నాకూ తెలియడం లేదు" అని నవ్వేశారు. వంటింట్లోంచి అమ్మగారు, "ఉల్లిపాయలకు కూడా దేవుడి పేరు రాసే మనిషిని నేను ఎక్కడా చూడలేదు" అని కేకేశారు. మాస్టారు చీటీని మళ్ళీ సంచిలోనే వేసి, నాతో అన్నారు. "ఇకమీదట సందేహం వస్తే నన్ను అడక్కు. తెలియనప్పుడు సంచిలోనే వెయ్యి. అదే మంచిది." నేను తలూపాను. ఎందుకు అని అడగలేదు.

ఇలా సంచి నిండుతూ, ఏట్లో ఖాళీ అవుతూ రెండేళ్ళు గడిచాయి. అప్పుడు మునిసిపాలిటీ ఎలక్షన్లు వచ్చాయి.

మా వార్డులో పార్టీ పనులన్నీ చూసేది ఒకాయన. నిద్రలో కూడా మెడలో పార్టీ కండువా తియ్యడని చెప్పుకునేవారు, అందుకే అందరికీ ఆయన కండువా బాబాయి. మాస్టారు నిలబడితే ఇటు సాయిబులూ వేస్తారు, అర్జీలు రాయించుకున్నవాళ్ళూ వేస్తారు, గెలిచాక ఛైర్మను కుర్చీ కూడా అడగొచ్చని ఆయన లెక్క. నెల రోజులు అరుగు వదల్లేదు. మాస్టారు ఔననలేదు, కాదనలేదు. "చూద్దాం" అనేవారు. బాబాయి ఆ "చూద్దాం" పట్టుకెళ్ళి నామినేషను కాగితాల మీద సంతకం పెట్టించి వేయించేశాడు. ముందుజాగ్రత్తకని తన పేరున కూడా ఇండిపెండెంటుగా ఇంకోటి వేశాడు.

గురువారం మధ్యాహ్నం రెండు పొడుగు కవర్లు వచ్చాయి. మొదటిది పోస్టులో వచ్చింది, తెల్లది, యూనివర్సిటీ ముద్ర వేసింది. హైదరాబాదులో ఒక పెద్ద గ్రంథాలయంలో ఈ ప్రాంతపు ఫార్సీ కాగితాలు మూటలు మూటలుగా దొరికాయట. ఏడాదిపాటు అక్కడే ఉండి అవి చదివి పుస్తకం రాయాలి, సోమవారానికల్లా రావాలి. దాన్ని చదివినప్పుడు మాస్టారి మొహం చూడాలి, జాతరలో రంగులరాట్నం చూసిన పిల్లాడి మొహం. రెండోది గంట తర్వాత బాబాయి బాజాలతో తెచ్చాడు. గోధుమరంగు కవరు. మాస్టారి మెడలో దండ వేసి, ఫోటో తీయించి చేతిలో పెట్టాడు. "ఇదండీ బీ ఫారం! రేపు మూడింటికల్లా మునిసిపల్ ఆఫీసులో ఇచ్చేయాల. ఇది ఇస్తేనే మనకి గుర్తొస్తాది, నేదంటే మన కాయితం సెల్లదు. పదకొండుకల్లా నాను బళ్ళేసుకుని వొచ్చెస్తాను. జాగర్తండి మాస్టారూ!"

వాళ్ళు వెళ్ళాక మాస్టారు రెండు కవర్లూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నారు. కలం తీసి రెండింటి మీదా అలవాటు ప్రకారం అల్లా పేరు రాసి, ఆ కింద ఏదో గీకారు. అమ్మగారు గుమ్మంలో నిలబడి, "ఏది?" అన్నారు. "అరుగు మీద కూర్చునేవాళ్ళకు నేను కావాలి. ఆ కాగితాలకూ నేనే కావాలి" అన్నారాయన. "మీకేం కావాలి?" అన్నారావిడ. ఆయన నావైపు తిరిగి, "టీ" అన్నారు.

శుక్రవారం పొద్దున్న నేను గది ఊడుస్తుంటే ఫ్యాను గాలికి కాగితాలు కింద పడి ఉన్నాయి. అక్షరాలున్నవన్నీ ఏరి, అద్దుకుని, సంచిలో కుక్కాను. సంచి అప్పటికే నిండుగా ఉంది. శుక్రవారం కదా. మా ఇంటాయనకిచ్చి, "మావా, ఊరవతల వంతెన కాడ కలిపీసి రా" అన్నాను. ఆయన ఆటోలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పదకొండుకు బాబాయి నాలుగు ఆటోలు, డప్పులతో దిగాడు. కొత్త పంచె, ఇస్త్రీ కండువా. "మాస్టారూ, బేగి రండి! ఫారం తియ్యండి!" మాస్టారు బల్ల దగ్గరకు వెళ్ళారు. సొరుగు చూశారు, పుస్తకాల సందులో చూశారు, పరుపు కింద చూశారు. "ఇక్కడే ఉండాలి" అన్నారు. బాబాయి మొహంలో రంగు మారింది. అప్పుడు నాకు కళ్ళ ముందు మెరుపు మెరిసినట్టయింది. పొద్దున్న కింద పడ్డవాటిలో ఒక పొడుగు కవరు ఉంది. అక్షరాలున్నాయి. అద్దుకున్నాను. వేశాను.

"అమ్మగారో," అన్నాను, "నాను సంచిలో ఏసేసినాను."

డప్పు ఆగిపోయింది.

ఇంకో ఫారం తెద్దామంటే సంతకం పెట్టే పెద్దాయన విశాఖలో ఉన్నారు, వెళ్ళి రావడానికే పొద్దు పోతుంది. మా ఇంటాయనకు ఫోను చేస్తే "స్విచాఫ్". బాబాయి నన్ను ఆటోలో ఎక్కించుకుని వంతెనకు పరిగెత్తించాడు. దారి పొడుగునా ఆయన ఒకటే మాట. "గుంటా, నీకు ఆ పార్టీ వోళ్ళు ఏటిచ్చినారో సెప్పు, నాను రెట్టింపిస్తాను." నేను ఏడుస్తూ, "ఏటీ ఇవ్వనేదు బాబాయ్, అమ్మగారు సెప్పినట్టు సేసినాను" అన్నాను. "ఏ పార్టీ అమ్మగారు?" అన్నాడు. మనిషి బుర్ర అంత తిరిగిపోయింది.

వంతెన దగ్గర మా ఇంటాయన గట్టు మీద కూర్చుని టీ తాగుతున్నాడు, పక్కన ఉతికి ఆరేసిన పచ్చ సంచి. "ఇప్పుడే కలిపీనాను, శుబ్బరంగా పోనాయి" అన్నాడు తృప్తిగా. బాబాయి చెప్పులు విడిచి, చేతులు జోడించి ఏటికి దండం పెట్టి (కాగితాల్లో దేవుడి పేరుందని నేనే చెప్పాను), కొత్త పంచెతో ఛాతీ లోతు నీళ్ళలోకి దిగాడు. మా అదృష్టం, ఎక్కువ భాగం తుంగలో చిక్కుకుని ముద్దలు ముద్దలుగా ఆగింది. ముద్ద తీసి, "ఇదేనా?" అని నాకు చూపించేవాడు. నాకేం తెలుసు? అన్నీ ఒకటే అక్షరాలు. "అయ్యుండొచ్చు బాబాయ్" అనేదాన్ని. ప్రతిదానికీ అదే చెప్పాను. ఈ సందట్లో కండువా నీళ్ళలో జారి, సాఫీగా సముద్రం దారి పట్టింది. ఆయన దాన్ని చూశాడు, చేతిలో ముద్దను చూశాడు, ముద్దనే పట్టుకున్నాడు.

ముద్దలన్నీ సంచిలో వేసుకుని ఇంటికొచ్చేసరికి ఒంటిగంట. మాస్టారు టోపీ పెట్టుకుని గుమ్మంలో ఉన్నారు. "నమాజుకు వేళయింది. శుక్రవారం కదా. వచ్చాక చూద్దాం."

"మళ్ళీ సూద్దామేటండీ!" అని బాబాయి గోడకు తల కొట్టుకోబోయి, మసీదు దాకా వెంటపడి వెళ్ళి, బయట చెప్పుల దగ్గర కూర్చున్నాడు. తడి పంచె చూసి అమ్మగారు మాస్టారి గళ్ళ లుంగీ పంపించారు. కండువా లేని కండువా బాబాయిని, అదీ లుంగీలో, ఊరు చూడటం అదే మొదలు.

రెండింటికి మాస్టారు తిరిగొచ్చి నేల మీద పాత పంచె పరిపించారు. సన్నగా చెక్కిన వెదురుపుల్ల తీశారు. ఆయన చెయ్యి తగిలితే వందేళ్ళనాడు అంటుకుపోయిన కాగితాలు కూడా విడివడేవి, విశాఖ వాళ్ళు అందుకే వచ్చేవారు. ముద్దలన్నీ ఒకసారి తిప్పి చూసి, అన్నిటికంటే లావుదాన్ని తీసి ఎడమ పక్కన పెట్టారు. "ఇది కష్టమైనది, చివర చూద్దాం." మొదటిది విప్పడం మొదలెట్టారు. వీధి వీధంతా చుట్టూ చేరి ఊపిరి బిగబట్టింది.

"రెండు కిలోల ఉల్లిపాయలు" అని చదివారు. "అరకిలో మామిడికాయలు. అంటే ఇది వేసవిది అయి ఉండాలి."

"మాస్టారూ, మామిడికాయలు తర్వాత తిందాం, మీకు దండమెడతాను. బేగి ఇప్పండి!"

"తొందరపడితే చిరుగుతుంది. చిరిగిన ఫారం ఆఫీసు వాళ్ళు తీసుకోరు."

ఇంకోటి. "మోకాళ్ళకు నూనె, పెద్ద సీసా." అమ్మగారు లోపల్నుంచి, "ఆ చీటీ రాసి ఏడాదైంది, ఆ నూనె ఇప్పటికీ రాలేదు" అన్నారు. మాస్టారు గంభీరంగా, "కాగితం దొరికింది కదా, ఇప్పుడు ఆధారం ఉంది" అన్నారు. జనం నవ్వారు. నేను నవ్వలేదు. నేను తలుపు వెనక, ఖాళీ మేకు కింద నిలబడి చీర చెంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాను. ఇంత పెద్దమనిషికి వచ్చిన కుర్చీ నా చేతి మీదుగా పోతోంది. రేపు ఈ వాటాలోంచి పొమ్మంటే ఎక్కడికి పోతాం, మా అమ్మకు ఏం చెప్తాం. ప్రతి ముద్ద విడినప్పుడల్లా ఒక దేవుడికి మొక్కాను. (ఆ రోజు నేను మొక్కని దేవుడు లేడు. పెద్ద దర్గాకు మొక్కిన చాదరు తర్వాత నిజంగానే ఇచ్చాను.)

గోడ గడియారం మూడు కొట్టింది. బాబాయి లేచి నిలబడి, ఎక్కడికి పోవాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు. మూడూ పదికి మాస్టారు ఎడమ పక్కనున్న లావు ముద్ద తీసుకుని, పుల్లతో నాలుగు చోట్ల తాకారు. అది పువ్వులా విచ్చుకుంది. లోపల గోధుమరంగు కవరు, అందులో ఫారం, సంతకంతో సహా. ఎక్కడా చిరగలేదు.

"ఇదిగో" అన్నారు.

బాబాయి దాన్ని రెండు చేతులా అందుకుని, గడియారం చూసి, చంటిపిల్లాడిలా భోరుమన్నాడు. మాస్టారు ఆయన భుజం తట్టి, నన్ను పిలిచారు. "తప్పు నీది కాదమ్మా. ఏడవకు. వెళ్ళి అందరికీ టీ పెట్టు."

ఆ తర్వాత మాస్టారి కాగితం చెల్లలేదు. ముందుజాగ్రత్తకు వేసిన తన కాగితం మీద బాబాయే ఇండిపెండెంటుగా, కుట్టుమిషను గుర్తు మీద నిలబడి గెలిచాడు. ఏట్లో దిగిన సంగతి వార్డంతా తెలిసిపోయి, "మాస్టారి కోసం మునిగినోడు" అని జనం జాలిపడి వేశారు. మాస్టారు సోమవారానికి హైదరాబాదులో ఉన్నారు. ఏడాదన్నారు, మూడేళ్ళు చదివారు. పుస్తకం వచ్చింది. అందులో ఏముందో నాకు తెలియదు గానీ బరువుగా ఉంటుంది. తిరిగొచ్చాక మళ్ళీ అరుగు, మళ్ళీ అర్జీలు. అవి పట్టుకెళ్ళి పని చేయించుకొచ్చేది మాత్రం కౌన్సిలరు బాబాయి.

మాకు సొంత ఇల్లు వచ్చినా, శుక్రవారం శుక్రవారం వెళ్ళి పుస్తకాల గది సర్దడం నేను మానలేదు. మాస్టారికి ఇప్పుడు చూపు ఆనదు, నన్ను అడుగుల చప్పుడుతో పోల్చుకుంటారు. మొన్న వానల్లో, సంచి కుట్టు ఊడితే కూర్చుని కుడుతూ, ఎన్నోసారో అన్నాను. "ఆ రోజు నాను ఆ కవరు ఎయ్యకపోతే మీరు ఛైర్మను అయ్యుందురు కదండీ."

"ఆ రోజు నువ్వు వేసిన కవరు ఏ రంగు?" అన్నారు మాస్టారు.

నా జ్ఞాపకానికి మా ఇంట్లో అందరూ భయపడతారు. ఏ పెళ్ళిలో ఎవరు ఏ చీర కట్టారో ఇప్పటికీ చెప్తాను. కళ్ళు మూసుకుంటే ఆ పొద్దుటి నేల, ఫ్యాను గాలి, చేతిలో కవరు కనబడ్డాయి. "తెల్లదండీ" అన్నాను. అన్నాక సూది ఆగిపోయింది. "తెల్లది యూనివర్సిటీది కదండీ?"

"అవును."

"మరి గోధుమరంగుది?"

"అది అంతకు ముందే సంచి అడుగున ఉంది. తెల్లవారుజామున ఫజరు నమాజు అయ్యాక నేనే వేశాను." ఆయన కనబడని కళ్ళతో కిటికీ వైపు చూస్తూ నవ్వారు. "తెలియనప్పుడు సంచిలోనే వెయ్యమని నీకు చెప్పినవాణ్ణి నేనే కదా. ఆ రోజు నాకూ ఏమీ తెలియలేదమ్మా."

తప్పు నీది కాదమ్మా అని ఆయన అప్పుడే చెప్పారు. పెద్దమనసుతో అన్నారనుకున్నాను గానీ, నిజం చెప్తున్నారనుకోలేదు. నాకు కోపం రావాలో నవ్వు రావాలో తెలియక మళ్ళీ సూది అందుకున్నాను. "మరి యూనివర్సిటీ కాయితం నాను ఏట్లో కలిపీస్తే మీరెలా ఎల్లారండీ?"

"నకలు పంపమని ఆ సాయంత్రమే ఫోను చేశాను."

"మరి మూడింటిలోపు ఆ ముద్ద ఎందుకు ఇప్పలేదండి? ఎందుకండీ?"

మాస్టారు పెద్దగా నవ్వారు. దగ్గు వచ్చేదాకా నవ్వారు. లోపల్నుంచి అమ్మగారు "ఏమైంది?" అని అడిగితే, "మన పిల్ల ఇన్నాళ్ళకు 'ఎందుకు' అని అడిగింది" అన్నారు. "ఆ రోజే అడిగి ఉంటే దొరికిపోయేవాణ్ణి."

ఎందుకో మాత్రం ఇప్పటికీ చెప్పలేదు. నేనూ రెట్టించలేదు. ఇంటికి నడిచొస్తూ, తలుపు వెనక చెంగు నోట్లో కుక్కుకుని ముక్కోటి దేవుళ్ళకూ మొక్కిన ఆ ఇరవై ఏళ్ళ పిల్లను తలుచుకున్నాను. పిచ్చిది, ఎంత ఏడ్చిందో! మాస్టారికి కుర్చీ పోగొట్టానని ఏడ్చింది గానీ, ఆయన వెళ్ళాలనుకున్న ఊరి కాగితం తన చేత్తోనే ఏట్లో వేసిన సంగతి దానికి తెలియనే తెలియదు. అది తెలిసుంటే ఇంకో గంట ఏడ్చేది.